తప్పు కొడితే అరవాలి కదా

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఒక పాత టూలు వాడాల్సొచ్చింది. సి లో రాసింది. రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మారిపోయాడు. కుర్రాడు బుద్ధిమంతుడు, నడిపే ముందు దీని సంగతేంటో చూద్దామని టూలు పేరు పక్కన --హెల్ప్ అని కొట్టాడు. టూలు ఒక్క ముక్క మాట్లాడకుండా పని మొదలెట్టేసింది. టెస్టు డేటాబేసు తుడిచేసి మళ్ళీ నింపడం దాని పని. మధ్యాహ్నం దాకా టీములో ఎవరికీ టెస్టింగు లేదు.

అందరూ కుర్రాణ్ణి చూసి నవ్వారు. "తెలీకపోతే అడిగి చెయ్యాలి కదా" అన్నాడు ఒక సీనియరు. నాకు ఒళ్ళు మండింది. వాడు అడిగాడండీ! హెల్ప్ అని కొట్టడమంటే అడగడం కాదా? సమాధానం చెప్పాల్సింది ప్రోగ్రాము. చెప్పకపోగా, అడిగిన ప్రశ్ననే "కానివ్వు" అన్న ఆర్డరుగా తీసుకుంది. తప్పు రాసినవాడిది, నవ్వులపాలైంది వాడినవాడు. మన వృత్తిలో ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఇందులో అన్యాయం ఉందని కూడా ఎవరికీ తట్టదు.

ఆ కుర్రాడి తరఫున ఎందుకంత ఆవేశం అంటారా? రాసినాయన చేసిన తప్పే నేనూ ఒకప్పుడు చేశాను కాబట్టి. అది మాత్రం టెస్టు డేటాబేసుతో పోలేదు.

2004లో సంగతి. చిలకలూరిపేట వైపు ఒక కోల్డ్ స్టోరేజీకి నేనే ఒక బిల్లు ప్రోగ్రాము రాసిచ్చాను. పేరెందుకు లెండి, తప్పు వాళ్ళది కాదు. గుంటూరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ళ కోసం: కళ్లంలో ఎండబెట్టిన మిర్చిని టిక్కీలకెత్తి, రేటు బాగుంటే నేరుగా యార్డుకి తోల్తారు, బాగోకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం ఎదురుచూస్తారు. సరుకు బయటికి తీసేటప్పుడు టిక్కీకింత అని అద్దె కట్టాలి. మధ్యలో రైతు ఎంతో కొంత కట్టి ఉంటే ఆ జమ తీసేసి మిగతాది వసూలు చేస్తారు. నా ప్రోగ్రాము చెయ్యాల్సిందల్లా ఆ లెక్కే. టర్బో సి, డాస్, చుక్కల అక్షరాలు కొట్టే ప్రింటరు.

ప్రోగ్రాము పేరు బిల్. దాని పక్కన టిక్కీల సంఖ్య, తర్వాత రేటు, జమ ఉంటే చివర్లో "-జె" అని పెట్టి మొత్తం. జమలో మొదటి అక్షరం జె. చాలా తెలివిగా ఉందనుకున్నాను. హెల్ప్ రాయలేదు. వాడేది ఒక్క గుమస్తా బాబాయి, ఆయనకి పక్కన కూచోబెట్టి నేర్పించాను, ఇంకెందుకు?

ఒకరోజు బాబాయి పొద్దున్నంతా వేరే రిజిస్టరులో రైతుల పేర్లు పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాడు. క్యాప్స్ లాక్ అలాగే ఉండిపోయింది. తర్వాత బిల్లుల పని మొదలుపెట్టాడు. డాస్‌కి పెద్ద అక్షరాలైనా చిన్న అక్షరాలైనా ఒకటే, ప్రోగ్రాము చక్కగా నడిచింది. అంకెలకి క్యాప్స్ లాక్‌తో పని లేదు. దెబ్బ తిన్నది ఒక్కటే, ఆ జె. నేను స్ట్రింగ్ కంపేర్ పెట్టింది చిన్న జె తో. పెద్ద జె వస్తే ఏం చెయ్యాలో రాయలేదు. అంటే ఇఫ్ ఉంది, ఎల్స్ లేదు. ఆ పక్కన ఉన్న మూడు వేలు అనే అంకెని కూడా ఎవరూ పట్టించుకోలేదు. బిల్లు నీటుగా, జమ లేకుండా, ప్రింటయింది.

ఆ రైతుకి చదువు రాదు. మిషన్ కొట్టిన బిల్లు, తప్పెందుకుంటుంది? ఇచ్చిన కాయితం పట్టుకుని డబ్బు కట్టి వెళ్ళిపోయాడు. నాలుగు నెలల తర్వాత ఇంటర్ చదివే కొడుకు పాత రసీదు పట్టుకొచ్చి అడిగితే గానీ బయటపడలేదు. డబ్బు తిరిగిచ్చేశారు, నిజమే. కానీ ఆ నాలుగు నెలల వడ్డీ? అది ఏ ప్రోగ్రామూ లెక్క కట్టలేదు. అప్పు తెచ్చి వ్యవసాయం చేసే ఇంట్లో మూడు వేలంటే ఏంటో తెలిసినవాళ్ళకి తెలుసు.

కబురందుకుని నేను ఊరెళ్ళాను. "చూసి కొట్టాలి కదా బాబాయ్" అన్నాను. ఆయన కోప్పడలేదు. "నేను తప్పు కొట్టా అబ్బాయ్, కాదనను. కానీ తప్పు కొడితే అది అరవాలి కదా? కాటా చూడు, టిక్కీ వంకరగా పెడితే ముల్లు నిలవదు. సరిగ్గా పెట్టరా అని అదే చెప్తది. నీ మిషన్ ఏం చెప్పింది?" అన్నాడు.

నాలుగేళ్ళ ఇంజినీరింగులో ఎవరూ చెప్పని పాఠం అది.

చెప్పలేదంటే చెప్పలేదనే కాదు. సిలబస్‌లో ఉంది, కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్స్ అని. ఎక్కడో చివర్లో, ఫైళ్ళ పక్కన. పరీక్షకి ముందురోజు బట్టీపట్టే సమాధానం: ఆర్గ్‌సీ అంటే లెక్క, ఆర్గ్‌వీ అంటే మాటల పట్టీ, ఉదాహరణకి రెండు అంకెలు కూడే ప్రోగ్రాము. అయిపోయింది. ల్యాబులో మనం రాసిందంతా నీలం తెర మీద "ఎంటర్ యువర్ చాయిస్" బాపతు. వాడేవాడు తప్పు కొడితే ఏమవుతుందని అడిగిన ఎక్స్‌టర్నల్ నాకు ఒక్కడూ తగల్లేదు. సరైన ఇన్‌పుట్ ఇస్తే సరైన అవుట్‌పుట్, రికార్డు మీద సంతకం, బయటికి.

పుస్తకాల్లో లేదా అంటే ఉంది. కెర్నిగన్, రిచీల సి పుస్తకం మొదటి ముద్రణ 1978, రెండోది 1988. అందులో ఐదో అధ్యాయంలో, పాయింటర్ల మధ్యలో, పదం వెతికే చిన్న ప్రోగ్రాము ఉంటుంది, రెండు ఆప్షన్లతో. తెలియని ఆప్షన్ వస్తే ఇది చెల్లదని చెప్పడం, ఎలా వాడాలో ఒక్క లైను చూపించడం ఆ చిన్న ఉదాహరణలోనే ఉన్నాయి. సి భాషని పుట్టించినాయన పేజీ ఖర్చుపెట్టి నేర్పాడు. మనం ఆ అధ్యాయంలో పాయింటర్లకి పాయింటర్లు మాత్రం ఏరుకున్నాం, ఇంటర్వ్యూల్లో అడుగుతారు కనక.

చేత్తో రాసుకోవాల్సిన అవసరం కూడా లేదు. గెట్‌ఆప్ట్ అనే ఫంక్షను యూనిక్స్ సిస్టమ్ త్రీతో 1980లో వచ్చింది. 1985లో ఏటీ అండ్ టీ దాని సోర్సుని అందరికీ ఇచ్చేసింది. ఒక పేజీ కోడు, తెచ్చి అతికించుకోవచ్చు. ఏ అక్షరాలు ఆప్షన్లో ఒక చిన్న స్ట్రింగ్‌లో చెప్తాం. అక్షరం పక్కన కోలన్ పెడితే దానికి విలువ కావాలని అర్థం. ఇవ్వనిది వస్తే ప్రశ్నార్థకం తిరిగిస్తుంది, తనే ఒక తిట్టు కూడా ప్రింట్ చేస్తుంది. అంటే బాబాయి అడిగిన కాటా ముల్లు అందులో ముందే ఉంది. నేను మూడు గంటలు కూచుని స్ట్రింగ్ కంపేర్‌లతో రాసిన చెత్తలో లేనిదదే.

గెట్‌ఆప్ట్ వాడితే పాపాలన్నీ పోతాయనుకోకండి. మనవాళ్ళు అందులోనూ గుంట తవ్వుతారు. అది తిరిగిచ్చేది ఇంటిజరు. ఆప్షన్ అంటే అక్షరమేగా అని క్యారెక్టర్ వేరియబుల్‌లో పట్టుకుంటారు. ఆప్షన్లు అయిపోయాయని చెప్పడానికి అది మైనస్ 1 ఇస్తుంది. ఇంటెల్ మిషన్ మీద పరవాలేదు. ఏఆర్ఎమ్ మీద లైనక్స్‌లో మామూలు క్యారెక్టరుకి మైనస్ ఉండదు, మైనస్ 1 కాస్తా 255 అయి కూచుంటుంది, లూపు ఎప్పటికీ ఆగదు. "నా మిషన్ మీద పనిచేస్తోందే" అనే వాక్యం పుట్టేది ఇలాంటి చోటే.

ఇంకో పాపం ఏటుఐ. ఆప్షన్ పక్కన వచ్చిన మాటని అంకెగా మార్చడానికి తొంభై మంది వాడేది అదే. దానికి 150 ఇస్తే 150. సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం పడి "15ఓ" వస్తే, మారు మాట లేకుండా 15. అసలు అంకే లేకపోతే సున్నా. అది నిజం సున్నానో తప్పు సున్నానో తెలుసుకునే దారి లేదు. నూట యాభై టిక్కీలు పదిహేను అయిపోతే ఎవడి కొంప మునుగుతుంది? స్ట్రింగ్‌టుఎల్ వాడితే ఎక్కడిదాకా చదివిందో పాయింటరు ఇస్తుంది. చివరిదాకా చదవలేదంటే "15ఓ అనేది అంకె కాదు" అని చెప్పి ఆగచ్చు. రెండు లైన్లు ఎక్కువ. ఆ రెండు లైన్లకి బద్ధకం.

ఇక్కడిదాకా వచ్చాక మీరనొచ్చు: సరే, బద్ధకం, అజ్ఞానం, దానికింత గోలేంటి? గోల ఎందుకంటే ఇది ఒట్టి బద్ధకం కాదు. హెల్ప్ లేని ప్రోగ్రాము చుట్టూ ఒక మనిషి పుడతాడు. ఆయనకి ఆప్షన్లన్నీ తెలుసు. "ఆ టూలు గురించా? ఫలానా ఆయన్ని అడుగు." ఆయన సెలవులో ఉంటే పని ఆగుతుంది. ఆయన మూడ్ బాగోకపోతే పని ఆగుతుంది. అప్రైజల్ టైములో ఆయన లేకపోతే ప్రాజెక్టే లేదు. ఆ మనిషికి మా వైపు ఒక పేరుంది, దళారీ. దళారీ చెడ్డవాడు కానక్కర్లేదు, చాలామంది మంచివాళ్ళే. కానీ ఆయన బతికేది నీకు తెలియకపోవడం మీద.

మా ప్రాంతంలో ఈ కథ చాలా ఖరీదైన కథ. పురుగుమందు డబ్బా తీసుకోండి. 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ చదివితే, ఎవరో మంచి ప్రోగ్రామరే రాశాడా అనిపిస్తుంది. డబ్బా మీద మూలమీద నిలబెట్టిన చదరం, దాని కింది సగంలో రంగు: ఎరుపంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివాడికి కూడా తెలిసే ఎర్రర్ కోడు! లోపల కాయితం పెట్టాలి. ఏ పంటకి, ఏ పురుగుకి, ఎంత మోతాదు, జాగ్రత్తలు, విషం ఎక్కితే లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు, ఖాళీ డబ్బా ఏం చెయ్యాలి అన్నీ ఉండాలి. హిందీ, ఇంగ్లీషులతో పాటు ప్రాంతీయ భాషలోనూ ఉండాలి. ఆప్షన్లు, యూనిట్లు, హెచ్చరికలు, పొరపాటైతే వెనక్కి వచ్చే దారి. నిండైన హెల్ప్ మెసేజంటే ఇదీ.

మరి ఆచరణలో? ఆ కాయితం చీమ తలకాయంత అక్షరాలతో పదహారు మడతలు పెట్టి ఉంటుంది. పొలంలో గాలికి ఎగిరిపోతుంది. రైతు అడిగేది అరువిచ్చే మందుల షాపాయన్ని. ఆయన అమ్మాల్సింది ఆయన చెప్తాడు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు ఎడాపెడా కొట్టారు, తెల్లదోమ తగ్గకపోగా పెరిగింది. తగ్గట్లేదని ఇంకా కొట్టారు. 1987-88లో ఈ నేల మీద పత్తి రైతుల ఆత్మహత్యలు జరిగాయి. అప్పులు, ధర, పురుగు, కౌలు, కారణాలు చాలా ఉన్నాయి. కాయితం సరిగ్గా ఉంటే అన్నీ ఆగేవని చెప్పేంత అమాయకుణ్ణి కాను. నేను చెప్పేది చిన్నది: కొట్టినవాడికి ఏం కొడుతున్నాడో చెప్పే గొంతు మధ్యలో ఎక్కడో మూగబోయింది, ఆ స్థానంలోకి అమ్మేవాడి గొంతొచ్చింది.

అలాంటి చోట నుంచి వచ్చినవాళ్ళం, అమ్మానాన్నలు ఆ షాపుల ముందు నిలబడ్డవాళ్ళం, కంప్యూటర్ ముందు కూచోగానే షాపాయన పోజు ఎలా పెడతామండీ?

సరే, తిట్టింది చాలు. మంచి హెల్ప్ ఎలా ఉండాలో కూడా చెప్పకపోతే నేనూ ఆ సీనియరు లాంటివాణ్ణే అవుతాను. నాకు తెలిసినంతలో ఇవీ.

ఒకటి. అడిగిన హెల్పు వేరు, తప్పు చేస్తే వచ్చే మెసేజి వేరు. --హెల్ప్ అని అడిగితే అది ఆ ప్రోగ్రాము చెయ్యాల్సిన పనే, తప్పు కాదు. కనక స్టాండర్డ్ అవుట్‌పుట్ మీద ప్రింట్ చేసి సున్నాతో బయటికి రావాలి. గ్నూ వాళ్ళ కోడింగ్ ప్రమాణాలు ఈ మాటే చెప్తాయి. అప్పుడే దాన్ని పైపులో పెట్టి పేజీ పేజీగా చదువుకోవచ్చు. తప్పు ఆప్షన్ వస్తే మెసేజి స్టాండర్డ్ ఎర్రర్ మీదకి పోవాలి, సున్నా కాని కోడుతో ఆగాలి. బీఎస్‌డీ వాళ్ళు దీనికి 64 అని ఒక అంకె కూడా పెట్టారు. చాలా గ్నూ టూళ్ళు 1 గానీ 2 గానీ వాడతాయి. ఏదో ఒకటి, సున్నా మాత్రం కాకూడదు. ఎర్రర్ మెసేజిని మామూలు అవుట్‌పుట్‌లోకి తోస్తే అది పోయి బిల్లులో ప్రింటవుతుంది. సున్నాతో బయటికొస్తే స్క్రిప్టు అంతా బాగుందనుకుని తర్వాతి పనికి పోతుంది.

రెండు. తప్పు చేసినవాడి మొహాన మొత్తం పురాణం కొట్టకండి. ఒక అక్షరం తప్పు పడితే ఎనభై లైన్ల హెల్పు గుమ్మరిస్తారు, అసలు తప్పేంటో పైకి ఎగిరిపోతుంది. ఏది తప్పు, ఏది ఆశించాం, ఎక్కడ చూడాలి. మూడు ముక్కలు. గిట్‌లో కమాండు పేరు తప్పు కొడితే నువ్వనుకున్నది ఇదా అని దగ్గరి పేరు చూపిస్తుంది. ఎంత మర్యాద!

మూడు. యూనిట్లు, డీఫాల్టులు రాయండి. "బరువు" అని రాస్తే కిలోలా, క్వింటాళ్ళా? "టైమవుట్" అంటే సెకన్లా, మిల్లీసెకన్లా? ఆప్షన్ ఇవ్వకపోతే ఏమనుకుంటుంది? హెల్ప్ చూసేవాడికి కావాల్సింది ఇదే, మనం వదిలేసేదీ ఇదే.

నాలుగు. ఒక్క ఉదాహరణ. చతురస్రపు బ్రాకెట్లు, నిలువు గీతలు, మూడు చుక్కలతో ఉండే యూసేజ్ లైను మనకి వ్యాకరణం. కొత్తవాడికి అది గజిబిజి. నిజంగా నడిచే ఒక కమాండు చూపిస్తే వాడే మార్చుకుంటాడు.

ఐదు. పెద్దదైతే గదులు కట్టండి. కర్ల్‌కి 250 పైచిలుకు ఆప్షన్లున్నాయి. 2020లో వచ్చిన 7.73.0 నుంచి --హెల్ప్ అంటే ముఖ్యమైనవి మాత్రమే చూపిస్తుంది. మిగతావి విభాగాలవారీగా, అన్నీ కావాలంటే ఆల్ అని అడగాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా అంతే, పొట్టి హెల్పు, పొడుగు హెల్పు, పూర్తి హెల్పు. ఈ రెండూ సి ప్రోగ్రాములే. అంటే సి లో కష్టమనే సాకు లేదు.

ఇక నన్ను చాలాకాలంగా తొలిచేది, తెలుగు. తెలుగులో హెల్ప్ మెసేజి అంటే మనవాళ్ళే ముందు నవ్వుతారు. కమాండ్ లైను వాడేవాడికి ఇంగ్లీషు రాదా అంటారు. గుమస్తా బాబాయికి రాదు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలడంతే. ఆ రోజు తర్వాత నేను ప్రోగ్రాము తిరగరాసి, డాస్‌లో తెలుగు లేదు కనక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పెట్టాను. తప్పు కొడితే ఇలా వచ్చేది:

బిల్: "-జే" నాకు తెలియదు. బిల్లు కొట్టలేదు.
జమ ఉంటే చిన్న అక్షరంతో -జె పెట్టి, పక్కన రూపాయలు రాయండి.
ఉదాహరణ: బిల్ 150 80 -జె 3000

ఇందులో "బిల్లు కొట్టలేదు" అన్నది ముఖ్యం. ఏం జరిగిందో కాదు, ఏం జరగలేదో చెప్పాలి. లేకపోతే ఆయన మళ్ళీ కొట్టాలా వద్దా అని బిత్తరపోతాడు. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. మొత్తం ప్రోగ్రాము రాయడానికి పట్టిందీ రెండు రోజులే. బాబాయి ఆ మెసేజి చూసి "ఆ, ఇప్పుడు ముల్లు కదిలింది" అన్నాడు. నా పదిహేడు రిలీజు నోట్సుల్లో ఏదీ అంత ఆనందం ఇవ్వలేదు.

ఇవాళ ఇంగ్లీషు అక్షరాల కర్మ లేదు. గెట్‌టెక్స్ట్ 1990ల నుంచి ఉంది. మెసేజిని ఒక అండర్‌స్కోర్ బ్రాకెట్‌లో చుట్టడం, ప్రోగ్రాము మొదట్లో లొకేల్ సెట్ చెయ్యడం, అనువాదాలు వేరే ఫైల్లో. గ్నోమ్, కేడీఈల తెలుగు అంతా ఇలాంటి ఏర్పాట్ల మీద స్వచ్ఛందంగా పనిచేసినవాళ్ళు చేసిందే. కానీ వాళ్ళ చేతులు కట్టేసేది మన సి కోడు. ఎలాగంటే,

వాక్యాన్ని ముక్కలు చేసి అతికిస్తాం. ఇంగ్లీషులో ముందు సంఖ్య, తర్వాత ఫైళ్ళు, చివర ఏ ఫోల్డరులోనో. తెలుగులో "గుంటూరు లో 3 ఫైళ్ళు" అని వరస తిరగబడుతుంది. అనువాదకుడు అమాయకంగా పర్సెంట్ ఎస్‌నీ పర్సెంట్ డీనీ తారుమారు చేస్తే అంకె ఉండాల్సిన చోట పాయింటరు, పాయింటరు ఉండాల్సిన చోట అంకె, ప్రోగ్రాము ఢామ్మని పడిపోతుంది. దీనికి మందు ఉంది: పర్సెంట్ తర్వాత 1 డాలర్, 2 డాలర్ అని వరస సంఖ్య ఇవ్వచ్చు, పోజిక్స్‌లో ఉన్నదే. కానీ మెసేజి ఒకే వాక్యంగా ఉంటేనే. మూడు ప్రింట్‌ఎఫ్‌లుగా నరికితే ఎవరూ బతికించలేరు.

ఇంకోటి, హెల్ప్‌లో వరసలు. ప్రింట్‌ఎఫ్‌లో పది స్థానాలు కేటాయిస్తే సి లెక్కపెట్టేది బైట్లు. "మిర్చి" అన్న మాట కంటికి రెండు అక్షరాలు. యూనీకోడ్‌లో ఆరు సంకేతాలు: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. పది స్థానాలు ఎప్పుడో నిండిపోయాయనుకుని సి ఒక్క ఖాళీ కూడా వదలదు. వరసలు మొత్తం వంకర. అదే పది బైట్లకి కత్తిరించమంటే మూడు సంకేతాలూ, నాలుగోదాంట్లో ఒక ముక్కా మిగిలి, చివర డబ్బా గుర్తు వస్తుంది. పైగా చాలా టెర్మినళ్ళలో ఒత్తులు ఇప్పటికీ విడిపోతాయి. ఒప్పుకుంటాను. కనక తెలుగు హెల్పుని గళ్ళలో ఇరికించకండి: ఆప్షన్ ఒక లైను, వివరణ కింది లైను. సమస్య సగం పోతుంది. టెర్మినల్ బాగుపడే రోజు వచ్చేసరికి మన మెసేజిలు సిద్ధంగా ఉంటాయి.

ఇప్పుడు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. "డెడ్‌లైన్ ఉంది బాసూ." హెల్పు రాయడానికి పట్టే గంట మిగుల్చుకుని, దాన్ని గురించి వందమందికి చెప్పడంలో ఏడాదంతా ఖర్చుపెట్టే లెక్క ఏ కాలేజీలో నేర్పారు? "సోర్సు ఉందిగా, చదువుకోమను." వంట బాగోలేదన్నవాడికి వరి నాటు చూపిస్తారా? "ఇప్పుడంతా యాప్‌లే, కమాండ్ లైన్ ఎవడు వాడతాడు?" గిట్ లేకుండా, డాకర్ లేకుండా, కర్ల్ లేకుండా ఒక్క రోజు ఉద్యోగం చేసి చూపించి మాట్లాడండి.

ఈమధ్య కొత్తది: "ఏఐని అడిగితే చెప్తుందిగా." గిట్ గురించి చెప్తుంది, దాని గురించి లోకమంతా రాసింది కాబట్టి. మీ టీములో ముగ్గురు వాడే టూలు గురించి దానికెవరు చెప్పారు? అది కూడా మా కుర్రాడిలాగే ముందు --హెల్ప్ కొట్టి చూస్తుంది. మీ టూలు టెస్టు డేటాబేసు తుడిచేస్తుంది. అప్పుడు ఎవర్ని చూసి నవ్వుతారు?

ఆ టూలుకి పోయిన శనివారం కూచుని గెట్‌ఆప్ట్ పెట్టాను. తెలియని ఆప్షన్ వస్తే ఆగిపోతుంది. ఏమీ ఇవ్వకుండా నడిపినా పని చెయ్యదు, తుడిచే పనికి విడిగా ఒక ఆప్షన్ ఇవ్వాల్సిందే. హెల్పు ఇరవై లైన్లు. రాసింది నేను కాదు, కుర్రాడు. వాడి చేతే రాయించాను, ఎందుకంటే తెలియనివాడికి ఏం తెలియాలో వాడికే బాగా తెలుసు. "అడిగి చెయ్యాలి" అన్న సీనియరు దాన్ని చూసి, "ఇంత వివరంగా అవసరమా?" అన్నాడు.

మరుసటి రోజు ఆయనే --హెల్ప్ కొట్టి చదువుకుంటూ నాకు దొరికాడు.